ఉరుమికే మొదటి వీసా

పన్నెండు మందిలో పదకొండు మందికి అమెరికా వీసా స్టాంపింగ్ అయింది. కానిది ఉరుమి వాయించే పెద్దాయనకి. ఆ పదకొండు మందితోనే నేను విమానం ఎక్కాను. అక్కడ వేదిక మీద మావాళ్ళు తలపాగాలు చుట్టి, గజ్జెలు కట్టి, రెండు చేతుల్లో రుమాళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పక్కనున్న స్పీకరు పెట్టెలోంచి ఎప్పుడో రికార్డు చేసిన ఉరుమి మోగింది.

మేము ఆడే దేవరాట్టంలో పాట లేదు. అడుగు మార్చమని చెప్పేది ఉరుమి ఒక్కటే. దాన్ని దేవదుందుభి అంటారు మా పెద్దలు. మనిషి వాయిస్తే ఆటగాళ్ళ కాళ్ళు చూస్తూ వాయిస్తాడు. ఎవడైనా ఒక్క క్షణం వెనకబడితే దరువు సాగదీసి వాణ్ణి కలుపుకుంటాడు. పెట్టె ఎవరికోసమూ ఆగదు. నాలుగో అడుగుకే వరస చెదిరింది. చూసేవాళ్ళకు తెలియలేదు, చప్పట్లు కొట్టారు. మాకు తెలుసు. ఆ రాత్రి మా కుర్రాళ్ళు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

మా పుదూరు తూత్తుక్కుడి జిల్లా విళాత్తికుళం తాలూకాలో ఉంది. ఒక పక్క ఎట్టయపురం మీదుగా కోవిల్‌పట్టి, ఇంకో పక్క అరుప్పుక్కోట్టై దాటితే విరుదునగర్. నల్లరేగడి నేల; మేము కరిసల్ అంటాం. ఇళ్ళలో తెలుగు, బళ్ళో తమిళం. ఇక్కడి రాజకంబళత్తు నాయకర్లు జక్కమ్మను కొలుస్తారు. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన మావాడని చెప్పుకుంటారు. పెళ్ళిలో, కొలువులో దేవరాట్టం ఆడతారు. ఒకప్పుడు ఈ ఆటలు సముద్రం దాటాలంటే ప్రభుత్వమే పంపాలి. 1982లో బ్రిటన్‌లో, 1985లో అమెరికాలో, 1987లో సోవియట్ దేశంలో భారత ఉత్సవాలు జరిగినప్పుడు అలాంటి ప్రయాణాల కాగితాలన్నీ ఢిల్లీవాళ్ళే చూసుకున్నారు. ఇప్పుడు పిలిచేది సంఘాలు, గుళ్ళు, విశ్వవిద్యాలయాలు. కాగితం బరువు మన నెత్తిన పడింది. పాతికేళ్ళుగా మా బృందం కాగితాలు మోసినవాణ్ణి గనక, నేర్చుకున్నది వరసపెట్టి చెబుతాను. రుసుములు, గడువులు మారుతుంటాయి; నేను చెప్పే అంకెలను వెళ్ళేముందు మళ్ళీ సరిచూసుకోండి.

1. పిలుపు రాగానే మొదట ఉరుమి వాయించేవాడి కాగితాలు తెరవండి. ఆటగాళ్ళలో ఇద్దరు తగ్గినా ఆట నిలుస్తుంది, ఉరుమి లేకపోతే నిలవదు. ప్రతి కళలోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. తోలుబొమ్మలాటలో కథ పాడేవాడు, మేళంలో డోలు వాయించేవాడు. ఆయన సాధారణంగా వయసులో పెద్ద, చదువులో తక్కువ. ఆయన కాగితాలే అందరికంటే బలహీనంగా ఉంటాయి.

మా పెద్దాయనకు ఎందుకు ఆగిందో చెబుతాను. తమిళ లిపిలో ప-బ లకు ఒకటే అక్షరం, క-గ లకూ అంతే. బొమ్మయ్య అనే తెలుగు పేరు రేషన్ కార్డులో తమిళంలో ఎక్కుతుంది. దాన్ని చూసి ఇంగ్లీషులో ఒక గుమాస్తా 'బి'తో రాస్తాడు, ఇంకొకాయన 'పి'తో రాస్తాడు. జక్కయ్య ఒక కాగితంలో 'జె', మరో కాగితంలో 'ఎస్'. పెద్దాయన పేరు పాస్‌పోర్టులో ఒక అక్షరంతో ఉంది. నేను అమెరికాకు పంపిన జాబితాలో ఇంట్లో పిలిచినట్టు రాశాను. అక్కడి సంస్థ వేసిన వీసా పిటిషన్ అలాగే మంజూరైంది. చెన్నై కాన్సులేట్‌లో కిటికీ దగ్గర ఒక చీటీ చేతికిచ్చి, సరిచేసుకుని రమ్మన్నారు. అక్కడివాళ్ళు సవరణ పంపేసరికి ప్రదర్శన అయిపోయింది. తప్పు నాదే. అప్పటినుంచి ఏ జాబితా రాసినా పాస్‌పోర్టును పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి రాస్తాను.

2. పాస్‌పోర్టులో పేరుకు రెండు గళ్ళుంటాయి, రెండూ నిండాలి. మా కంబళత్తు నాయకర్లలో ఇంటిపేర్లున్నాయి. సంబంధం కుదుర్చుకునేటప్పుడు వాటిని అడుగుతారు, కాగితాల మీద మాత్రం ఎక్కడా కనబడవు. తమిళనాట రాసేది తండ్రి పేరులోని మొదటి అక్షరం, ఆపైన పేరు, అంతే. పాస్‌పోర్టులో ఆ పొడి అక్షరం చెల్లదు, విప్పి రాయాలి. విప్పకుండా ఒక గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకు అమెరికా వీసా మీద 'మొదటి పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడక్షరాలు పడతాయి. యు.ఏ.ఈ. అయితే, ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను రానివ్వబోమని 2022 నవంబరులో ప్రకటించింది. సరిచేయించుకోవడానికి మా జిల్లాలవాళ్ళు మదురై ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తారు. సేవా కేంద్రం మదురైలో ఉంది, తిరునెల్వేలిలోనూ ఉంది. పిలుపు వచ్చాక పరుగెత్తేకంటే, పొలం పని లేని తమిళ నెలలు మాసిలోనో పంగునిలోనో వెళ్ళి రావడం మేలు.

3. "దుడ్డు ఇవ్వం కదా, విజిటర్ వీసా మీద వచ్చేయండి" అన్న మాట నమ్మకండి. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ప్రేమగానే చెబుతారు. శాలువా కప్పుతామంటారు, 'సన్మానం' అంటారు, కవరులో ఏదో పెడతారు. చట్టం కవరును కూడా లెక్కిస్తుంది. పారితోషికం తీసుకునే కళాకారుడికి అమెరికా విజిటర్ వీసా పనికిరాదు. పారితోషికం లేని అమెచ్యూర్ కళాకారులకు, ధర్మకార్యాల కోసమో సామాజిక వేడుకల కోసమో ఆడేవాళ్ళకు వెసులుబాటు ఉంది. ఇక్కడొక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఊళ్ళో దుడ్డు పుచ్చుకుని ఆడేవాడు, అక్కడ ఉచితంగా ఆడతానన్నంత మాత్రాన అమెచ్యూర్ అయిపోడు. మామూలుగా అతను ఏ పద్ధతిలో ఆడతాడన్నదే లెక్క.

మా విషయంలో ఇది నన్ను చాలా రోజులు తొలిచింది. మావాళ్ళు చుట్టాల పెళ్ళిలో ఆడితే ఎవరూ పైసా అడగరు, అది మొక్కు లాంటిది. అదే మనుషులు ప్రభుత్వ కళా సంబరాల్లో ఆడితే చెక్కు వస్తుంది. అయితే వాళ్ళెవరు? ఒక ఏడాది పిలిచినవాళ్ళతో ఈ మాట మీదే వాదన అయింది. నేను వెనక్కి తగ్గలేదు, ఆ ఏడు ప్రయాణమే పోయింది. మా కుర్రాళ్ళు నామీద అలిగారు. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు ఒకసారి తేలితే ఆ దేశం తలుపు జన్మంతా మూసుకుపోవచ్చు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడి పేరు మీద అలాంటి మచ్చ పడనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

4. దుడ్డు తీసుకుని ఆడే జానపద బృందానికి అమెరికాలో సరైన దారి పి-3. సంప్రదాయ, జాతి, జానపద కళల కోసం పెట్టిన వీసా అది. పి-1 అని ఇంకొకటుంది. దానికి బృందం అంతర్జాతీయంగా పేరు పొంది ఉండాలి, సభ్యుల్లో ముప్పాతిక వంతు మంది కనీసం ఏడాదిగా కలిసి ఉండాలి. పల్లె బృందాలు దానికోసం తిప్పలు పడనక్కరలేదు.

పి-3 పిటిషన్ వేయాల్సింది మనం కాదు, అక్కడి సంస్థో ఏజెంటో వేయాలి. ఒప్పందం కావాలి, ఏ రోజు ఏ ఊళ్ళో ఆడతామో కార్యక్రమ పట్టిక కావాలి, అక్కడి కళాకారుల కార్మిక సంఘం నుంచి అభిప్రాయ లేఖ కావాలి. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది: ఈ కళ నిజంగా ఈ జాతిదేనని, వీళ్ళు దాన్ని నిజంగా ఎరిగినవాళ్ళని రుజువు చేయడం. సురభి నాటక సమాజానికి 1885 నుంచి రాతలో చరిత్ర ఉంది. మాకు ఏముంది? మా తాతల ఆట వాళ్ళ కాళ్ళలోనే ఉండి, వాళ్ళతోనే మట్టిలో కలిసింది.

మొదటిసారి ఆ జాబితా చూసి నేను ఒక పూట తిండి మానేశాను. తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. బృందం పేరు వేసిన పాత పెళ్ళి శుభలేఖలు, గుడి కొలువు నోటీసులు, పత్రికలో వచ్చిన రెండు ముక్కలు, ఎవరో గోడకు తగిలించిన మసకబారిన ఫోటో, అన్నీ పోగేశాను. కళాశాలలో జానపదం చెప్పే ఒక ఆచార్యుడు మూడు పేజీల లేఖ రాశారు. మేమెవరమో, తెలుగు నోటితో ఈ కరిసల్ నేలకు ఎలా వచ్చామో వివరించడానికి ఆయన కి. రాజనారాయణన్‌ను తలుచుకున్నారు. మా కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్ ఊరివాడు, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసినవాడు. మావంటివాళ్ళ వలస కథ మీద ఒక నవల రాశాడు, దానికి కొనసాగింపుగా రాసిన నవలకే 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఒక రచయిత మనల్ని రాసిపెట్టడం ఎంత మేలో ఆ రోజు నాకు తెలిసింది.

అప్పటినుంచి ఇంట్లో ఒక ఇనుప పెట్టె పెట్టాను. ఎక్కడ ఆడినా నోటీసు ఒకటి, ఫోటో ఒకటి అందులోకి వెళతాయి, వెనక తేదీ రాసి. పెళ్ళి శుభలేఖలో మా పేరు వేయమని నోరు తెరిచి అడుగుతాను. అడగడానికి మొదట్లో సిగ్గుగా ఉండేది.

తలపాగా చుట్టేవాడు, వాద్యాలు మోసి శ్రుతి చూసేవాడు లాంటి సహాయకులు పి-3 పిటిషన్‌లోకి రారు. వాళ్ళకు వేరే పిటిషన్ వేయాలి. చివరి వారంలో గుర్తొస్తే లాభం లేదు.

5. ముందు వీసా, తర్వాత టికెట్. పిటిషన్‌ను ప్రదర్శనకు ఏడాది ముందునుంచే వేయవచ్చు. కనీసం నలభై అయిదు రోజుల ముందన్నా వేయమంటారు. నా అనుభవంలో ఆరు నెలలు పెట్టుకోవాలి, ఎందుకంటే మంజూరైన తర్వాత చెన్నైలో స్లాట్ దొరకాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి పి పిటిషన్ రుసుము 1,015 డాలర్లు, లాభాపేక్ష లేని సంస్థకూ చిన్న యజమానికీ 510. దాని మీద శరణార్థుల కార్యక్రమం పేరుతో ఇంకో 600 వేశారు. చిన్న యజమానికి అందులో సగం, లాభాపేక్ష లేని సంస్థకు ఏమీ లేదు. ఒక పిటిషన్‌లో ఇరవై అయిదు మంది వరకే పేర్లు పెట్టవచ్చు. త్వరగా తేల్చాలంటే అప్పట్లో మరో 2,805 డాలర్లు. పిలిచే సంఘం ఏ తరగతిలోకి వస్తుందో మొదటి ఫోనులోనే అడగండి, మొహమాటపడకండి. తర్వాత మనిషికి 205 డాలర్ల వీసా రుసుము వేరే. పన్నెండు మందికి 2,460. వీసా రాకపోతే ఆ దుడ్డు తిరిగి రాదు. అది ఎవరు పెట్టుకోవాలో ఒప్పందంలో రాయించుకోండి.

6. ఇంటర్వ్యూకు ఎవరికీ జవాబులు నేర్పించకండి. ఒకసారి ఒక ఏజెంటు మా కుర్రాళ్ళను కూర్చోబెట్టి పది ప్రశ్నలు, పది జవాబులు బట్టీ పట్టించాడు. కోవిల్‌పట్టిలో రాత్రి రైలెక్కి తెల్లవారి ఎగ్మూరులో దిగేదాకా వాళ్ళు అవే వల్లించుకుంటున్నారు. కిటికీ అవతలి అధికారి ఒకణ్ణి, "మీరు ఏ భాషలో పాట పాడతారు?" అని అడిగింది. వాడు నేర్పినట్టే "తెలుగులో" అన్నాడు. పిటిషన్‌లో మేము రాసింది ఈ ఆటలో పాట లేదనే. ఆమె కాగితం చూసింది, వాడి ముఖం చూసింది. ఆ తర్వాతి కుర్రాణ్ణీ అదే అడిగింది. వాడికి బట్టీ రాలేదు గనక, "పాట లేదమ్మా, ఉరుమే మాట్లాడుతుంది" అన్నాడు. వాడికి వీసా వచ్చింది. మొదటివాడికి రాలేదు.

చెన్నైలో తమిళంలో మాట్లాడవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నాలుగు వందల ఏళ్ళకు పైగా తమిళ నేల మీద నడిచిన మా తెలుగు వేరు, బడిలో నేర్చిన తెలుగు వేరు. మావాళ్ళను తమిళమే ఎంచుకోమంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది, అయినా అంటాను. అర్థం కాక తడబడితే అబద్ధం చెబుతున్నట్టు కనబడుతుంది.

7. తిరిగి వస్తావని నమ్మకం ఏమిటని అడుగుతారు. ఉద్యోగస్తుడికి జీతం చీటీ ఉంటుంది, మావాడికి అయిదెకరాల వర్షాధార భూమి ఉంటుంది. పట్టా, చిట్టా, అడంగల్ తీసుకెళ్ళండి. అంతకంటే, ప్రయాణాన్ని పంటకు ముడిపెట్టి చెప్పడం నేర్చుకోండి. మాకు విత్తనం పడేది పురట్టాసి, అయిప్పసి నెలల్లో, ఈశాన్య రుతుపవనం రాగానే. అమెరికా తెలుగు మహాసభలు చాలావరకు జూలై మొదటి వారంలో జరుగుతాయి, అప్పుడు కరిసల్ నేల నోరు తెరుచుకుని ఎండుతుంటుంది. జూలైలో వెళ్ళి ఆగస్టులో వచ్చేవాడు రైతు. అక్టోబరులో దసరా, దీపావళి పిలుపులకు మాత్రం నేను చాలాసార్లు వద్దన్నాను. విత్తనం వేళ పొలం వదిలి వెళ్ళినవాడి మనసు ఆట మీద ఉండదు.

8. మలేషియాకో గల్ఫుకో అయితే పాస్‌పోర్టులో ఇంకో మాట చూడండి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్' అని ఉంటుంది. అలాంటివాళ్ళు పనిమీద గల్ఫు, మలేషియా లాంటి పద్దెనిమిది దేశాలకు వెళ్ళాలంటే, 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. వయసు యాభై దాటితే అక్కరలేదు. మా బృందంలో అందుకే తాతలు సులువుగా వెళ్ళేవాళ్ళు, మనవలు ఆగిపోయేవాళ్ళు. కూలికి పోయి చదువు మానేసిన పిల్లల్ని బతిమాలి ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయించాను, ఇప్పటికి ముగ్గురు గట్టెక్కారు. నా పాతికేళ్ళలో నేను ఇష్టపడి చెప్పుకునే పని అదే. మలేషియాలో విదేశీ కళాకారుల ప్రదర్శనకు పుస్పల్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి ఉండాలి, అది పిలిచినవాళ్ళు తెచ్చుకోవాలి. గుళ్ళో ఆడినా, హాల్లో ఆడినా ఆ కాగితం నకలు నా చేతికి రాకుండా నేను బృందాన్ని కదిలించను.

9. బ్రిటన్‌కు క్రియేటివ్ వర్కర్ వీసా. పిలిచేవాళ్ళకు స్పాన్సర్ లైసెన్సు ఉండాలి, ఒక్కొక్కరికీ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మనిషి ఖాతాలో 1,270 పౌండ్లు ఇరవై ఎనిమిది రోజులు కదలకుండా ఉండాలంటారు. మావాళ్ళ ఖాతాల్లో ఎక్కడినుంచి వస్తుంది? స్పాన్సర్ తానే పోషణ చూసుకుంటానని సర్టిఫికెట్‌లో రాస్తే అది అక్కరలేదు. ఆ ఒక్క గడి నింపమని ముందే చెప్పండి. యూరప్ షెంగెన్ వీసా మీద ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులే, ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పని అనుమతి సంగతి ప్రతి దేశానికీ వేరు.

10. ఉరుమికి కూడా కాగితం కావాలి. పాస్‌పోర్టులాగా వాద్యాలకు ఏ.టి.ఏ. కార్నే అని ఒకటుంది, మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. దానితో సుంకం కట్టకుండా తీసుకెళ్ళి తీసుకురావచ్చు. తోలు ఏ జంతువుదో రాసి పెట్టుకోండి. ఉడుము తోలు కంజీర పెట్టెలో పెట్టారో, మనిషే చిక్కుల్లో పడతాడు. ఉడుము రక్షిత జంతువు. నెమలి ఈకలు కూడా దేశం దాటించకూడదు, మయిలాట్టం బృందాలు ఇది మరవొద్దు.

11. "మా అబ్బాయిని కూడా కలుపుకోండి" అని ఒకరోజు ఎవరో వస్తారు. మా ఇంటికి వచ్చింది నా వియ్యంకుడే. కొడుకు ఐ.టి.ఐ. చదివాడు, ఆటలో అడుగు కూడా రాదు. "పన్నెండు మందిలో పదమూడోవాడు, ఎవరు చూస్తారు బావగారూ? తలపాగా చుట్టుకుని వెనక నిలబడతాడు. అక్కడ దిగాక వాడి దారి వాడు చూసుకుంటాడు" అన్నారు. నేను కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు. తర్వాత కాదన్నాను. మూడేళ్ళు మా గడప తొక్కలేదు ఆయన. మధ్యలో నా కూతురు నలిగిపోయింది.

పంజాబులో కళా బృందం పేరు చెప్పి మనుషుల్ని విదేశాలకు దాటించిన కేసులో ఒక పేరున్న గాయకుడికి 2018లో కోర్టు శిక్ష వేసింది. అదే ఏడాది చికాగోలో, తెలుగు సాంస్కృతిక సభల పిలుపులని అబద్ధపు కాగితాలు చూపి సినిమా నటీమణులను రప్పించి వ్యభిచారంలోకి దింపారని ఒక తెలుగు దంపతుల మీద కేసు నడిచింది. అలాంటి వార్త వచ్చిన మర్నాడు చెన్నై వరసలో నిలబడే నిజమైన బృందం ముఖం తలుచుకోండి. అందుకే నేను వెళ్ళేముందు రాత్రి అందరినీ జక్కమ్మ గుడి ముందు కూర్చోబెడతాను, ఒక్కొక్కరి చేతా తిరిగి వస్తానని చెప్పిస్తాను. ఇప్పటిదాకా అందరూ వచ్చారు.

12. అమెరికా వెళ్ళాక ఇంకో ఊరి గుడివాళ్ళు "మా దగ్గరా ఒక గంట ఆడండి" అంటారు. నేరుగా ఒప్పుకోకండి. పిటిషన్ వేసిన సంస్థ ద్వారానే ఆ కార్యక్రమం కుదరాలి. అక్కడి చట్టం మామూలుగా విదేశీ కళాకారుడి పారితోషికంలో ముప్పై శాతం పన్ను పట్టుకోమంటుంది. పట్టుకున్న చీటీ అడిగి తెచ్చుకోండి, ఇనుప పెట్టెలో వేయండి.

మా ఉరుమి పెద్దాయన ఆ ఏడు ఊళ్ళోనే ఉండిపోయాడు. మేము తిరిగి వచ్చి ఆయన ఇంటికి వెళితే, ఆయన అడిగింది ఒక్కటే: "నేను లేకుండా ఎలా ఆడారురా?" నేను చెప్పలేదు. పక్కనున్న కుర్రాడు చెప్పేశాడు. ఆయన లేచి లోపలికెళ్ళి ఉరుమి తెచ్చి, అందరినీ వాకిట్లో నిలబెట్టి, ఆ నాలుగో అడుగు నుంచి మళ్ళీ ఆడించాడు.

తర్వాత మూడుసార్లు విమానం ఎక్కాడాయన. ఇప్పుడు లేడు. ఆయన మనవడికి పద్దెనిమిది నిండాయి, ఉరుమి వాడి చేతికి వచ్చింది. వచ్చే జూలైకి ఒక పిలుపు ఉంది. వాడి పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు 'బి'తో, ఆధార్‌లో 'పి'తో ఉంటే పోయిన నెల ఆధార్ సరిచేయించాం. రేపు ఉదయం మొదటి బస్సుకు కోవిల్‌పట్టి, అక్కడినుంచి తిరునెల్వేలి సేవా కేంద్రం. పదిన్నరకు వాడి టోకెన్.